పోస్టు మాటకు మూడు గూళ్లు

మోతీబౌలి సబ్ పోస్టాఫీసులో ఉత్తరాలు పంచే జబ్బార్‌కు ఒక అలవాటుంది. ‘పోస్టు’ అనే ఇంగ్లిషు మాట ఎక్కడ విన్నా, ఎక్కడ చదివినా, ఖాకీ చొక్కా జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకుంటాడు. ముప్పై ఏళ్లకు పైగా ఇదే వరస. జహీరాబాద్‌లో అతని బీటు కిందికి వచ్చే తొమ్మిది గల్లీల వాళ్లకూ ఈ సంగతి తెలుసు. ధాన్యం మార్కెట్ గంజ్ ఎదురుగా చాయ్ హోటల్లో కూర్చునేవాళ్లు అతను సైకిలు స్టాండు వెయ్యకముందే ఏదో ఒకటి విసురుతారు. చిరాగ్‌పల్లి చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆపారని ఒకడంటాడు. దవాఖానలో పోస్ట్‌మార్టం సాయంత్రానికి గానీ కాలేదని ఇంకొకడు. పెళ్లికొడుకు పోస్ట్ గ్రాడ్యుయేటని, అయినా ఉప్మా సరిగ్గా తినడం రాదని మరొకడు. జబ్బార్ నవ్వడు, కోపగించుకోడు. రాసుకుని జేబులో పెట్టుకుంటాడు.

దీనికి మూలం విరూపాక్ష అనే పాత పోస్టుమాస్టరు. బీదర్ వైపు మనిషి. ఏ సంగతైనా కన్నడంలో మొదలుపెట్టి, తెలుగులో నడిపి, ఉర్దూలో ముగించేవాడు. జబ్బార్ పోస్ట్‌మ్యాన్ పరీక్షకు చదువుతున్న రోజుల్లో ఆయన ఒక మధ్యాహ్నం, అసలు పోస్టంటే ఏందిరా అని అడిగాడు. ఉత్తరం సార్ అన్నాడు జబ్బార్. విరూపాక్ష తల అడ్డంగా ఊపి, పాడైన మనియార్డరు ఫారం వెనక్కి తిప్పి, ఉత్తరాలు వేరుచేసే గళ్ల చెక్కలో ఉన్నట్టు మూడు గూళ్లు గీశాడు.

మొదటి గూట్లో ‘ఉంచడం’ అని రాశాడు. లాటిన్‌లో ఒకచోట ఉంచినదానికి ఉన్న మాట ఇటలీ, ఫ్రాన్సుల మీదుగా ఇంగ్లిషులోకి వచ్చింది. రాజుల కాలంలో దారి పొడుగునా ఇంత దూరానికొక మనిషినీ గుర్రాన్నీ ఉంచేవాళ్లు. ఒకడు తెచ్చింది ఇంకొకడు అందుకుని పరుగెత్తేవాడు. ఉంచిన చోటు పోస్టయింది, ఉంచిన మనిషి పోస్టయ్యాడు, చివరికి వాడు మోసిన సంచీ కూడా పోస్టే అయింది. సిపాయి కాపలా కాసే పోస్టు, చెక్‌పోస్టు, సర్కారు నౌకరీ పోస్టు, అన్నీ ఈ ఇంటి పిల్లలే. రెండో గూట్లో ‘స్తంభం’ అని రాశాడు. అది ద్వారబంధపు నిలువు కొయ్యకు లాటిన్‌లో ఉన్న వేరే మాట. చేను చుట్టూ పాతే రాతి కడీ, లైటు స్తంభం, ఆటలో గోల్‌పోస్టు దాని కిందివి. మూడో గూట్లో ‘తర్వాత’. చావు తర్వాత చేసేది, డిగ్రీ తర్వాత చదివేది.

“మూడు ఒక్క తీరుగ కనబడ్తయి. ఊర్లు మాత్రం వేరు,” అన్నాడు విరూపాక్ష. “ఊరు చూడకుండ గూట్ల ఎయ్యకు.”

మన టపా సంగతి కూడా ఆయనే చెప్పాడు. మరాఠీలో టప్పా అంటే మజిలీ. ఇక్కడా దారి మీద మజిలీకొక మనిషిని ఉంచారు, సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారింది, మజిలీ పేరే ఉత్తరానికి వచ్చింది. నిజాం కాలపు పెద్దవాళ్లు పోస్టాఫీసును టప్పాఖానా అనడం జబ్బార్‌కు గుర్తే. ఒకరినొకరు చూడని రెండు దేశాల మనుషులకు ఒకే సంగతి తోచడం అతనికి అన్నింటికన్నా నచ్చింది. ఆ రోజు నుంచి మాటలు ఏరడం మొదలుపెట్టాడు. పొద్దున ఉత్తరాలను గల్లీల వారీగా వేరుచేసినట్టే, దొరికిన ప్రతి పోస్టునూ దాని గూట్లో వేసేవాడు.

పోయిన ఏడాది ఫేస్‌బుక్ పోస్టు దగ్గర పెద్ద వాదమే అయింది. షాహెద్ అని, హైవే పక్కన లారీల సొట్టలు తీసే డెంటింగ్ పని చేసే కుర్రవాడు, అది ఉత్తరం గూట్లోదే అన్నాడు. ఇక్కడ రాసి అక్కడికి పంపుతున్నాం కదా అని అతని లెక్క. జబ్బార్ ఒప్పుకోలేదు. పాత రోజుల్లో ఊరందరూ చూడాలనుకున్న కాగితాన్ని స్తంభానికి అంటించేవాళ్లు. అలా అంటించడాన్నే పోస్టు చెయ్యడమన్నారు, అంటించిన కాగితం పోస్టరయింది. ఫోనులోది దాని మనుమడు.

“ఉత్తరం ఒక్కరికి బేటా. స్తంభానికి అంటించింది పోయేటోళ్లకు వచ్చేటోళ్లకు అందరికి,” అన్నాడు.

“ఇంత తెలివి పెట్టుకొని సైకిల్ మీదనే ఎందుకున్నవ్ చాచా?” అన్నాడు షాహెద్. హోటలంతా నవ్వింది. జబ్బార్ ఫోనులో పెట్టే పోస్టును రెండో గూట్లో రాసుకున్నాడు.

మాటల విషయంలో అంత పట్టింపున్న మనిషికి కవర్ల మీద రిమార్కు రాయడంలోనూ అదే పట్టింపు ఉండేది. అందని ఉత్తరాన్ని వెనక్కి పంపేటప్పుడు ఎందుకు అందలేదో కవరు మీద రాయాలి. చాలామంది అన్నింటికీ ‘తాళం’ అని గీకి పారేస్తారు. జబ్బార్ అలా చేసేవాడు కాదు. ఇల్లు మారితే ఎక్కడికి మారారో, మనిషి పోతే ఏ నెలలో పోయారో రాసేవాడు. పై ఆఫీసులో అతని రాతను గుర్తుపట్టేవాళ్లు. ఒక్క ఫిర్యాదు లేదు.

అయితే ఏళ్లు గడిచేకొద్దీ ఒక మార్పు వచ్చింది. తొమ్మిది గల్లీల్లో ఎవరు ఎక్కడున్నారో అతనికి నోటికి వచ్చేసింది. ఎవరు దుబాయి పోయారో, ఎవరు న్యాల్‌కల్‌లో అల్లుడి ఇంట్లో ఉన్నారో వెళ్లి చూడాల్సిన పని లేకుండా పోయింది. పొద్దున ఉత్తరాలు వేరుచేసే బల్ల దగ్గరే, లేరని తనకు తెలిసినవాళ్ల కవర్ల మీద రిమార్కు రాసి పక్కన పెట్టేవాడు. మిగతావే సంచీలోకి పోయేవి. మోకాళ్లు నొప్పి పెట్టడం మొదలయ్యాక ఆ అలవాటు ఇంకా ముదిరింది. ఎన్నడూ తప్పు పోలేదు కాబట్టి అది తప్పని అతనికీ అనిపించలేదు.

మార్చిలో ఒక బుధవారం షాహెద్ భార్య అలీమా పేరు మీద రిజిస్టరు ఉత్తరం వచ్చింది. అంగన్‌వాడీ టీచరు పోస్టుకు సర్టిఫికెట్లు పట్టుకుని రమ్మని, అంగన్‌వాడీలను చూసే ప్రాజెక్టు ఆఫీసు నుంచి పిలుపు. ‘వేరే అడ్రసుకు పంపరాదు’ అని పైన ముద్ర ఉంది. అలీమా కాన్పుకు పుట్టింటికి పోయిందని, ఆడపిల్ల పుట్టిందని జబ్బార్‌కు హోటల్లో షాహెద్ చెప్పి ఉన్నాడు. పుట్టిల్లు చిరాగ్‌పల్లి. నలభై రోజుల చిల్లా అయ్యేదాకా బాలింత ఇల్లు దాటదు, అది ఇంకా కాలేదని అతని లెక్క. జబ్బార్ కవరు వెనక్కి తిప్పి, వేలితో గీత సరిచూసుకుని, ‘అడ్రసుదారు ఇక్కడ లేరు. చిరాగ్‌పల్లిలో నివాసం’ అని రాశాడు. తేదీ వేశాడు. తిరుగు టపాలో పంపాడు.

చిల్లా స్నానం అంతకు ముందు శనివారమే అయిపోయింది. ఆదివారం పొద్దున అలీమా పిల్లను ఎత్తుకుని మోతీబౌలి వచ్చేసింది. ఆ బుధవారం ఆమె ఇంట్లోనే ఉంది. అత్త గౌహర్ బేగం గడప మీద కూర్చుని జొన్నలు చెరుగుతోంది. జబ్బార్ ఆ గల్లీలోకి ఆ రోజు పోనేలేదు.

మూడు వారాల తర్వాత, సోమవారం, ప్రాజెక్టు ఆఫీసు బయట బోర్డు మీద జాబితా అంటించారు. ఆ పోస్టుకు ఆ వార్డులో కాపురం ఉంటున్న వివాహితే కావాలి. అలీమా పేరు మీద అడ్డగీత, పక్కన ‘స్థానికంగా నివాసం లేరు’ అని. ఆమె కింద ఉన్న ఉమైరా పేరు పైకి వచ్చింది. అభ్యంతరాలుంటే శుక్రవారం సాయంత్రం లోపల ఇవ్వాలి.

మంగళవారం పది గంటలకు అలీమా పిల్లను భుజాన వేసుకుని పోస్టాఫీసుకు వచ్చింది. తెలుగు మీడియంలో ఇంటరు చదివిన అమ్మాయి. ఇంట్లో ఉర్దూ మాట్లాడినా కాగితాల సంగతి తెలుగులోనే మాట్లాడుతుంది. ప్రాజెక్టు ఆఫీసులో గుమాస్తాను బతిమాలి తన కవరు చూసింది, ఫోనులో ఫొటో తీసుకుంది. ఆ ఫొటోను జబ్బార్ ముందు పెట్టింది.

“చాచా, ఇది మీ చేతి రాతనే గదా?”

అతను కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. పెట్టుకోకపోయినా తెలిసేది.

“నాదే.”

“నేను చిరాగ్‌పల్లిలనే ఉంటున్నానని మీకు ఎవరు జెప్పిన్రు?”

ఆమె గొంతులో అతని మీద కోపం లేదు. ఎవరో కావాలని అతనికి తప్పు చెప్పారని, ఆ పేరు తెలిస్తే చాలని ఆమె అనుకుంటోంది. నేనే బల్ల దగ్గర కూర్చుని రాశానని జబ్బార్ అప్పుడే చెప్పి ఉండవచ్చు. గళ్ల చెక్క వైపు చూశాడు. చూస్త బేటీ, శుక్రవారం లోపల చూస్త అన్నాడు. పిల్ల ఏడుపు అందుకుంది. అలీమా ఊపుకుంటూ మెట్లు దిగింది.

ఆ పోస్టు ఆ ఇంటికి ఎంత అవసరమో జబ్బార్‌కు తెలియనిది కాదు. డెంటింగ్ పనిలో షాహెద్ కుడి చేతి మణికట్టు పాడై ఏడాదవుతోంది. సుత్తి ఎత్తగలిగిన రోజు పని, లేని రోజు హోటలు. ఆ వార్డులో మళ్లీ అలాంటి పోస్టు ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు.

అతను అనుకోనిది ఇంకొకటి జరిగింది. బుధవారం సంచీ వేసుకుని గల్లీలోకి తిరిగేసరికి గౌహర్ బేగం గొంతు వినిపించింది. ఉమైరా ఇంటి వైపు తిరిగి, ఉర్దూలో, గల్లీ ఆ చివరిదాకా వినపడేలా మాట్లాడుతోంది. పోస్ట్‌మ్యాన్‌కు చెవిలో ఊది పక్కవాళ్ల నోటి దగ్గరి ముద్ద లాక్కున్నవాళ్ల సంగతి దేవుడు చూసుకుంటాడని అంటోంది. ఉమైరా అదే అంగన్‌వాడీలో నాలుగేళ్లుగా ఆయా. పిల్లలకు గుడ్లు ఉడకబెట్టి, చేతులు కడిగి, టీచరు రాని రోజు పాటలు కూడా పాడించింది. ఆ మాటలకు ఆమె తలుపు ఓరగా వేసి లోపల ఉండిపోయింది. జబ్బార్‌ను చూసి గౌహర్ బేగం గొంతు తగ్గించి, మంచినీళ్లు తాగి పొమ్మంది. వద్దని తల ఊపి, ఇవ్వాల్సిన రెండు ఉత్తరాలు ఇచ్చి అతను ముందుకు పోయాడు.

తిరిగి వచ్చాక పోస్టుమాస్టరు మహేశ్వరితో అంతా చెప్పాడు. సంగారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే మనిషి, అతని కూతురి వయసు. విని, తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది. అతని రిటైరుమెంటు ఇంకో రెండేళ్లని గుర్తుచేసింది. ఇంటికి పోకుండా రిమార్కు రాశానని కాగితం మీద ఒప్పుకుంటే అది పై ఆఫీసుకు పోతుందని, విచారణ తప్పదని చెప్పింది.

“ఇంటికి పోయిన, ఇంట్ల ఎవరు కనబడలే, పక్కింటోళ్లు గిట్ల చెప్పిన్రు అని రాయుండ్రి జబ్బార్ భాయ్. ఆమెకు పనైతది, మీకు ఫికర్ ఉండదు.”

“ఏ పక్కింటోళ్లు మేడమ్?”

“పేరెందుకు? పేరు రాయొద్దు.”

“నేను రాయకుంటె గల్లీ వాళ్లు రాసుకుంటరు. ఇయ్యాల్నే ఉమైరా పేరు రాసుకుంటున్రు.”

మహేశ్వరి ఇంక బలవంతం చెయ్యలేదు. తలుపు తెరిచి కౌంటరు దగ్గరికి పోయింది.

గురువారం బట్వాడా తొందరగా అయిపోయింది. జబ్బార్ సంచీ తగిలించి, ఖాళీ బల్ల ముందు కూర్చుని నోటుబుక్కు తీశాడు. రాయడానికి కొత్త మాటేమీ లేదు. ఊరికే మొదటి గూటి పేజీలు తిరగేశాడు. చెక్‌పోస్టు, ఔట్‌పోస్టు, పోస్టింగు. నూట పన్నెండు దాకా ఉన్నాయి. ప్రతి మాటకూ అది ఏ వైపు నుంచి వచ్చిందో, ఎవరిని అడిగి తెలుసుకున్నాడో పక్కన రాసి ఉంది. ఔట్‌పోస్టు కోసం మిలిటరీలో చేసి వచ్చిన నర్సింగ్‌ను కలవడానికి ఒక ఆదివారం మొగుడంపల్లి దాకా సైకిలు తొక్కాడు. ఒక్క మాటను కూడా ఊహించి వెయ్యలేదు. తెలియనివి చివరి పేజీలో ఏ గూటికీ చేరకుండా అలాగే ఉన్నాయి, కొన్ని పదేళ్లుగా.

అలీమా ఇల్లు ఈ బల్ల నుంచి ఆరు నిమిషాల దారి.

దారిలో ఉంచిన మనిషి గురించి విరూపాక్ష చెప్పినప్పుడు జబ్బార్‌కు గుర్రాలే కళ్లకు కట్టాయి. ఆ మనిషి చేసే పనేమిటో ఆలోచించలేదు. వాడు రాజు కాడు, ఉత్తరం వాడిది కాదు, అందులో ఏముందో వాడికి తెలియదు. తన వంతు దారి తను నడుస్తాడని మాత్రమే అవతలివాళ్లు నమ్ముతారు. ప్రాజెక్టు ఆఫీసులో గుమాస్తాకు అలీమా ఎవరో తెలియదు. పోస్ట్‌మ్యాన్ వెళ్లి చూసి రాశాడని నమ్మి గీత కొట్టాడు. రాత గుండ్రంగా, స్పష్టంగా ఉండడం వల్ల ఇంకా నమ్మి ఉంటాడు. ‘నివాసం’ అన్న మాట రాసేటప్పుడు అది పూర్తిగా, పెద్దమనిషి రాతలా ఉందని తనకు కలిగిన చిన్న సంతోషం కూడా జబ్బార్‌కు గుర్తొచ్చింది.

తెల్లకాగితం తీసుకుని రాయడం మొదలుపెట్టాడు. మొదట పెద్దగా రాశాడు, మోకాళ్ల సంగతి, సర్వీసు సంగతి, చిల్లా సంగతి. చదువుకుని చింపేశాడు. రెండోసారి నాలుగు వాక్యాలు రాశాడు. ఫలానా తేదీన ఫలానా ఉత్తరం మీద రిమార్కు రాసింది నేను. ఆ రోజు నేను ఆ ఇంటికి వెళ్లలేదు. ఆ రోజు ఆమె అక్కడ లేదని నాకు ఎవరూ చెప్పలేదు, నేనే అనుకున్నాను. విచారించగా ఆమె ఆ రోజు మోతీబౌలి ఇంట్లోనే ఉన్నట్టు తెలిసింది. ‘విచారించగా’ అన్న మాట దగ్గర ఆగాడు. కాగితం అక్కడే పెట్టి, లేచి, అలీమా ఇంటిదాకా నడిచి వెళ్లాడు.

గౌహర్ బేగం కుర్చీ వేసింది. అతను కూర్చోలేదు. ఆ బుధవారం అలీమా ఇంట్లో ఉందా అని అడిగాడు. ఉందని ఇద్దరూ అన్నారు. అప్పుడు మిగతాది చెప్పాడు. ఎవరూ ఏమీ ఊదలేదని, ఉమైరాకు దీంతో సంబంధం లేదని, తప్పు తన ఒక్కడిదని చెప్పాడు. గౌహర్ బేగం చేతిలోని చేటను కింద పెట్టింది. అలీమా అతని మొహంలోకి చూసి, మంగళవారం అడిగితే ఎందుకు చెప్పలేదని అంది.

“భయమైంది బేటీ.”

ఆమె పిల్లను ఎత్తుకుని లోపలికి పోయింది. చాయ్ పెడతానని కూడా అనలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక అలీమా, షాహెద్ అర్జీతో వచ్చారు. జబ్బార్ తన కాగితాన్ని దానికి జతచేశాడు. ముగ్గురూ ఒకే ఆటోలో ప్రాజెక్టు ఆఫీసుకు పోయారు. ఆ ఆఫీసులో అధికారిణి రెండూ చదివి, అతన్ని ఒక్కడినే లోపలికి పిలిచింది. దీని నకలు మీ డిపార్టుమెంటుకు పంపక తప్పదు, తెలుసా అని అడిగింది. తెలుసన్నాడు. సంతకం మళ్లీ ఒకసారి తన ఎదుట పెట్టించుకుంది.

మే నెలలో మెమో వచ్చింది. జబ్బార్ సర్వీసు ఫైల్లో అది మొదటి మచ్చ. విచారణ ఒక్క పూటలో అయిపోయింది, అడగడానికి వాళ్లకు పెద్దగా ఏమీ మిగల్లేదు. శిక్ష ఏమిటన్నది తర్వాత చెబుతామన్నారు. అప్పటిదాకా బీటు అతనిదే. హోటల్లో ఈ సంగతి అందరికీ తెలిసింది. వారం రోజులు ఎవరూ అతనికి కొత్త పోస్టు అందించలేదు. అతనూ నోటుబుక్కు తియ్యలేదు.

జూన్ మొదటి వారంలో ప్రాజెక్టు ఆఫీసు నుంచి రెండు రిజిస్టరు కవర్లు ఒకే రోజు వచ్చాయి. ఒకటి అలీమాకు, ఒకటి ఉమైరాకు. లోపల ఏముందో మహేశ్వరికి ముందే ఫోనులో తెలిసింది. ఉమైరాది ఇంకో మనిషితో పంపిస్తానంది. జబ్బార్ ఒప్పుకోలేదు.

అలీమా గడపలోనే నిలబడి సంతకం చేసి, కవరు అక్కడే చింపి చదివింది. నియామకం. కాగితాన్ని మడిచి, మళ్లీ విప్పి చదివి, లోపలికి తిరిగి అత్తను పిలిచింది.  జబ్బార్ సైకిలు తిప్పుకున్నాడు.

ఉమైరా ఇల్లు అదే గల్లీలో ఆ చివర. అంగన్‌వాడీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, కొంగుకు గుడ్ల పెంకు ముక్క అంటుకుని ఉంది. కవరు తీసుకుంది కానీ తెరవలేదు. ఎవరైనా అప్పటికే చెప్పి ఉంటారు.

“చాచా, మీరు రాసియ్యకుంటే ఎవరికన్న తెలుస్తుండెనా?”

“తెల్వకపోతుండె.”

“మూడు రోజులు గల్లీల నా పేరు తీసిన్రు. నేనే ఊదిన అన్నరు.”

“తెలుసు. అందుకు గూడ రాసిచ్చిన.”

“అందుకు గూడనా?” అంది ఉమైరా. ఆ మాటను ఎటు వెయ్యాలో తెలియనట్టు అతని వైపు చూసింది. “నాలుగేండ్లు చేసిన చాచా. నౌకరీ వచ్చింది అన్నరు, రెండు నెలలు అదే మాట అన్నరు. ఇప్పుడు పోయిందన్నరు.”

 జబ్బార్ సంతకం కోసం ఫోను ముందుకు చాచాడు. ఆమె వేలితో తెర మీద సంతకం చేసింది. రెండోసారి గానీ సరిగ్గా పడలేదు. పని ఆగదు కదా, ఆయాగా రేపు పొద్దున కూడా తనే తాళం తియ్యాలని, ఎనిమిదింటికి పిల్లలు వచ్చేస్తారని ఆమె చెప్పింది. అతన్ని ఉద్దేశించి చెప్పినట్టు లేదు. తర్వాత సంచీ వైపు చూసి, ఇంకా ఎన్ని ఉన్నాయని అడిగింది.

“పదహారు.”

“పోన్రి మరి. ఎండ ముదురుతది.”

కవరు చించకుండానే లోపలికి వెళ్లింది. తలుపు మాత్రం వెయ్యలేదు. జబ్బార్ పైనున్న కవరు తీసి పేరు చూశాడు. పక్క గల్లీలో రామ్‌కిషన్‌ది. రామ్‌కిషన్ రెండు నెలలుగా నాందేడ్‌లో కొడుకు దగ్గర ఉన్నాడని అతనికి తెలుసు. సైకిలు స్టాండు తీసి ఆ ఇంటి వైపు నడిపించాడు.